కొమ్ము విరిచి చూసినట్టు

పసుపు పండే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఒక విద్య చిన్నప్పుడే కళ్లబడుతుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కుప్ప ముందు నిలబడ్డ ఖరీదుదారు పైన మెరిసే కొమ్ముల్ని చూసి ధర చెప్పడు. కుప్ప లోపలికి చెయ్యి పోనిచ్చి ఒక కొమ్ము పైకి తీస్తాడు. రెండు చేతులతో పటుక్కున విరుస్తాడు. బాగా ఎండిన కొమ్మయితే రేకు మీద మేకు తగిలినట్టు మోగుతుంది. తడి మిగిలిందయితే ఆ మోత రాదు, వంగి విరుగుతుంది. ఆ తర్వాత విరిగిన చోట రంగు చూస్తాడు. డ్రమ్ములో ఎన్ని చుట్లు తిప్పి పాలిష్ పట్టినా లోపలి రంగు మారదని అతనికి తెలుసు.

ఆర్మూర్, వేల్పూర్, బాల్కొండ వైపు రైతుకూ ఇది తెలుసు. జూన్‌లో విత్తనం పెట్టి, జనవరి నుంచి తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టి తెచ్చిన సరుకును ఎదుటివాడు అలా విరుస్తుంటే ఓపికగా చూస్తూ నిలబడతాడు. కొనేవాడికి విరిచి చూసే హక్కు ఉందని ఒప్పుకుంటాడు. అదే రైతు పసుపు డబ్బు చేతికొచ్చిన వారానికి పాత ట్రాక్టర్ కొనడానికి వెళ్తాడు. అక్కడ మాత్రం కొత్తగా వేసిన ఎర్ర రంగు, నల్లగా తుడిచిన టైర్లు చూసి బయానా ఇచ్చేస్తాడు. కొమ్ము విరవడం మరిచిపోతాడు.

మా కాక అలాగే మరిచిపోయాడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పసుపు అమ్మిన డబ్బు రుమాలులో కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్క జిల్లాలో ఒక ఊరికి వెళ్లాడు. మేం వెళ్లేసరికే ట్రాక్టర్ నడుస్తోంది. "ఇప్పుడే పొలం నుంచి వచ్చింది" అన్నాడు అమ్మేవాడు. టైర్లకు మట్టి లేదు. నాకది కనిపించింది. పెద్దవాళ్లు బేరం ఆడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని ఊరుకున్నాను. బండి మంచిగా లాగింది, పొగ పెద్దగా లేదు, మధ్యాహ్నానికి బేరం తెగింది.

మర్నాడు పొద్దున మా వాకిట్లో అది స్టార్ట్ కాలేదు. నలుగురం తోశాం. బ్యాటరీ పాతదిలే అనుకుని కొత్తది కొన్నాం. తర్వాత సెల్ఫ్ మోటార్ బాగు చేయించాం. అలా ఒక్కో సాకు చెప్పుకుంటూ ఎనిమిది నెలలు గడిపాం. పసుపు తవ్వే రోజులొచ్చి చలి పెరిగాక బండి పూర్తిగా మొండికేసింది. ఆర్మూర్ నుంచి వచ్చిన మెకానిక్ భాయ్ తోసి స్టార్ట్ చేయించి, ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీశాడు. అందులోంచి చుట్ట తాగేవాడి నోట్లోంచి వచ్చినట్టు గుప్పు గుప్పున పొగ. "బ్యాక్ కంప్రెషన్. రింగులు పోయినయ్. కొన్నరోజు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూసిన్రా కాకా?" అని అడిగాడు. మా కాక ఏమీ అనలేదు.

ఇంజిన్ దించి స్లీవులు, పిస్టన్లు, రింగులు మార్చడానికి అయిన ఖర్చు ఒక ఎత్తు. ఆ రెండు వారాలూ పసుపు భూమిలోనే ఉండిపోయింది, మాట్లాడుకున్న కూలీలు వేరే చేన్లకు వెళ్లిపోయారు. పాత యంత్రం సరిగ్గా మనకు అవసరమైన రోజునే ఆగుతుంది. ఎందుకంటే మనం దాని మీద బరువు వేసేది ఆ రోజే.

చల్లగా ఉన్నప్పుడు

అందుకని మొదటి మాట. ట్రాక్టర్‌ను చూడటానికి పొద్దున్నే వెళ్లండి. వస్తున్నామని చెప్పినా, బండి స్టార్ట్ చేయవద్దని ముందే గట్టిగా చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ బ్లాకు మీద, సైలెన్సర్ అడుగున అరచెయ్యి దగ్గరపెట్టి చూడండి. వెచ్చగా తగిలితే చాయ్ తాగి వచ్చేయండి, మరోరోజు వెళ్లండి. డీజిల్ ఇంజిన్‌లో మంట పుట్టించే నిప్పురవ్వ ఉండదు. లోపల గాలి గట్టిగా నలిగి వేడెక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. రింగులు అరిగితే ఆ గాలి జారిపోతుంది, వేడి చాలదు. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక ఆ లోపం దాక్కుంటుంది. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పలేదు.

కొనేవాడి మనసు కూడా అంతే చల్లగా ఉండాలి. ఏప్రిల్ నెలలో చేతిలో డబ్బు ఉంటుంది, పక్కింటివాడి వాకిట్లో బండి ఉంటుంది, "ఇయ్యాల కాకుంటే రేపు వేరేటోళ్లు తీస్కపోతరు" అని దళారి చెవిలో చెబుతుంటాడు. ఆ మాట వినగానే గుండె వేగం పెరుగుతుంది. అది పెరిగిన రోజున డబ్బు ఇవ్వకండి. నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది: మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు జేబులో బయానా డబ్బు కూడా ఉంచుకోను. డబ్బు లేనివాడి కళ్లు బాగా పనిచేస్తాయి. ఫోన్‌లో డబ్బు పంపే ఈ రోజుల్లో ఈ నియమం పాటించడం కష్టమే. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లమని చెప్పలేను గానీ, "ఇంట్లో అడిగి రేపు చెప్తా" అనే మాటను ముందే నోట్లో సిద్ధం చేసుకోండి. ఆ మాట వల్ల తప్పిపోయిన మంచి బండ్లకన్నా తప్పించుకున్న చెడ్డ బండ్లే ఎక్కువ.

ఇక చల్లటి బండి ముందు నిలబడ్డారు. స్టార్ట్ చేయకముందే ఆయిల్ కొలిచే పుల్ల తీయండి. ఆయిల్ నల్లగా ఉంటే భయపడొద్దు, డీజిల్ ఇంజిన్ ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. పాలు కలిసిన చాయ్‌లా ఉంటే మాత్రం లోపల నీళ్లు కలుస్తున్నాయి. గీత దాటి ఎక్కువగా ఉండి, డీజిల్ వాసన వస్తుంటే పంపు నుంచి డీజిల్ లోపలికి కారుతోంది. తర్వాత రేడియేటర్ మూత. చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. నీళ్ల మీద నూనె తెట్టు ఉందా చూడండి. స్టార్ట్ చేశాక ఆ నీళ్లలో ఆగకుండా బుడగలు లేస్తుంటే హెడ్ ప్యాకింగ్ పోయినట్టు.

పొగ చాలా చెబుతుంది. మొదట కొద్దిసేపు తెల్లపొగ రావడం మామూలే. బండి వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయేమో, నాజిల్స్ సరిగా కొట్టడం లేదేమో అని అనుమానించాలి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది, అది పెద్ద ఖర్చు. నల్లపొగ ఒక్కోసారి గాలి ఫిల్టర్ శుభ్రం చేస్తేనే పోతుంది, దాన్ని చూపించి ధర తగ్గించమని అడగండి. ఆయిల్ పోసే మూత తీసి చూడటం మరిచిపోకండి. మా కాక కథంతా ఆ మూత కిందే ఉంది.

మీటరులో గంటలు తక్కువ చూపిస్తుంటే నమ్మకండి. పాత బండ్లలో అది కేబుల్‌తో నడుస్తుంది, కేబుల్ ఊడితే అక్కడే ఆగుతుంది. క్లచ్, బ్రేక్ పెడళ్ల మీద గీతలు అరిగి నున్నగా అయ్యాయా? ట్రాలీ తగిలించే హుక్ రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? సాగితే అది దుక్కి బండి కాదు, ఇసుకో ఇటుకలో మోసిన బండి. ముందు ఇరుసు కింద జాకీ పెట్టించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. అక్కడ ఆడితే పిన్ను, బుష్షు, బేరింగ్ దేనికో కాలం చెల్లింది. స్టీరింగ్ ఎంత ఖాళీ తిరిగాక చక్రం కదులుతోందో చూడండి.

శ్రీరాంసాగర్ కాలువల కింద వరి కూడా ఎక్కువే కాబట్టి మన దగ్గర అమ్మకానికొచ్చే బండ్లలో చాలావాటిని కేజ్‌వీల్స్ వేసి బురదలో తిప్పి ఉంటారు. బురద నీళ్లు వెనక ఇరుసు సీళ్లు దాటి లోపలికి వెళ్తాయి. వెనక చక్రాల లోపలి వైపు తల పెట్టి చూడండి, ఆయిల్ కారిన మరక ఉంటే కొత్త రంగు దాన్ని కొన్ని రోజులకు మించి దాచలేదు. గేరు ఆయిల్ కొద్దిగా తీయించి చూస్తే, అదీ పాలలా ఉంటే, బురద ఎంత లోతుకు వెళ్లిందో అర్థమవుతుంది.

లిఫ్టును ఖాళీగా ఎత్తి చూపిస్తే ఒప్పుకోకండి. రోటవేటర్ తగిలించి పైకి ఎత్తించండి, ఇంజిన్ ఆపించండి. కొద్ది నిమిషాల్లోనే అది నేలకు దిగిపోతే లిఫ్టు సీళ్లు పోయాయి. తర్వాత ట్రాలీతో కాస్త ఎత్తుపల్లం ఉన్న బాట మీద నడపండి. దిగేటప్పుడు గేరు దానంతటదే న్యూట్రల్‌కు జారుతోందా? రెండు బ్రేకులూ కలిపి తొక్కితే బండి ఒక పక్కకు లాగుతోందా? టైర్ల పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు ఎత్తుగా ఉన్నా రబ్బరు పగిలితే అది ముసలి టైరే.

ఈ పరీక్షలన్నిటికీ మీకు నమ్మకమున్న మెకానిక్‌ను తీసుకెళ్లండి, ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. అమ్మేవాడు పిలిపించిన మెకానిక్ మంచివాడే కావచ్చు, కానీ ఆ రోజు ఆయన మీ పని మీద రాలేదు.

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల బండి

మన జిల్లాలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "ఓనర్ దుబాయ్ పోయిండు, బండి రెండేండ్లు షెడ్డులనే ఉన్నది, అస్సలు నడ్వలే." ఈ మాట వినగానే కొనేవాడి ముఖం వెలుగుతుంది. నాకు మాత్రం అనుమానం పెరుగుతుంది. నడవని యంత్రం కూడా పాడవుతుంది, వేరే రకంగా. ట్యాంకులో డీజిల్ పాతబడి, అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. సీళ్లు ఎండి గట్టిపడతాయి. బ్యాటరీ చచ్చిపోతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, గాలి వచ్చే గొట్టంలో గూడు పెడతాయి.

మా బంధువుల కుర్రాడొకడు కెనడాలో ఉంటాడు. అక్కడ మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ అనే బండి ఒకటి పాతది కొన్నాడు. ఏడాదిలో సగానికిపైగా షెడ్డులో పడి ఉండే బండి అది. కొన్నాక అతను మొదట చేసిన పనులు చెబుతుంటే నాకు మన పాలిష్ డ్రమ్ము ఇంజిన్లు గుర్తొచ్చాయి. నిల్వ ఉన్న పెట్రోలు పారబోయడం, జిగురు పట్టిన కార్బొరేటర్ కడగడం, గాలి డబ్బాలో ఎలుక గూడు ఉందేమో చూడటం, కింద తిరిగే పట్టా పగిలిందేమో, బెల్టు అరిగిందేమో తడిమి చూడటం. అక్కడ అడవి మధ్య మంచులో బండి ఆగితే ప్రాణానికే ముప్పు కాబట్టి వాళ్లు ఈ పనిని వాయిదా వేయరట. మన పసుపు యంత్రాలూ ఏడాదిలో రెండు మూడు నెలలే నడుస్తాయి. షెడ్డులో నుంచి తీసి నేరుగా పనిలో పెట్టే అలవాటు మనది, అది మార్చుకోవాలి.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను, కష్టమైందేమీ కాదు, బద్ధకమే అడ్డం. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఛాసిస్ నంబరు మీద రుద్దిన గుర్తులో, మందంగా కొత్త రంగో ఉంటే అక్కడితో ఆపేయండి. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరిందన్న పత్రం, ఫారం 35 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. మహారాష్ట్ర నుంచి వచ్చిన బండయితే అక్కడి ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కూడా ఉండాలి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని కాగితాలు విడిగా అడగండి. అమ్మినవాడి మీద కూడా బరువు ఉంది. బండి అమ్మేసినా రిజిస్ట్రేషన్‌లో పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో చెప్పింది. కాబట్టి పేరు మార్పు ఇద్దరి క్షేమం. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి "తర్వాత చేస్కో" అనేవాడి దగ్గర కొనకండి.

మొదటి వారం

బండి ఇంటికొచ్చింది. అమ్మ హారతి ఇచ్చింది, నిమ్మకాయలు తొక్కించారు, ఆర్మూర్ సిద్ధుల గుట్టకు వెళ్లి దండం పెట్టుకుని వచ్చారు. మంచిది. మర్నాడే దుక్కికి పంపకండి. ఒక వారం ఆ బండికి ఇవ్వండి. ధర మాట్లాడుకునేటప్పుడే ఈ వారం ఖర్చును పక్కన పెట్టుకోవాలి. చేతిలో ఉన్నదంతా అమ్మినవాడికి ఇచ్చేసి, సర్వీసుకు అప్పు వెతికే రైతులను చాలామందిని చూశాను. వాళ్లు ఆ సర్వీసును పంట వచ్చేదాకా వాయిదా వేస్తారు, బండి అన్ని రోజులు ఆగదు.

"మొన్ననే ఆయిల్ మార్పించిన" అని అమ్మినవాడు చెప్పినా సరే, లోపలున్న ద్రవాలన్నీ మీ చేత్తో మారాలి. అప్పుడే మీ లెక్క ఒకచోట మొదలవుతుంది. ఇంజిన్ ఆయిల్‌ను బండి కాస్త నడిపి, వెచ్చగా ఉన్నప్పుడు దించండి, అడుగున పేరుకున్న మడ్డి దాంతోపాటు వస్తుంది. దించిన ఆయిల్‌ను ఒక తెల్ల బకెట్‌లో పట్టి ఎండలో పెట్టి చూడండి. ఇనుప రజను మెరుస్తుంటే మెకానిక్‌కు చూపించాలి. ఫిల్టర్ తప్పకుండా మార్చండి. ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు అన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే షోరూంలో అడిగి తెచ్చుకోండి, నోటిమాట మీద పోయకండి. మామూలుగా 250 గంటలకోసారి మార్చే ఆయిల్‌ను ఈ మొదటిసారి మాత్రం 50 గంటలకే మళ్లీ మార్చమంటాను. పాత మడ్డి కొంత మొదటి ఆయిల్‌లో కరిగి వస్తుంది. ఆ రెండో ఆయిల్ ఖర్చు ఎప్పుడూ వృథా పోలేదు.

డీజిల్ ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి. రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చి, లైన్‌లో గాలి తీయించండి. ఆ గాలి తీసే పని పక్కన నిలబడి నేర్చుకోండి. ఒక స్పానర్‌తో అయ్యే పని, రాత్రి చేనులో బండి ఆగినప్పుడు మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.

మన ప్రాంతంలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది గాలి ఫిల్టర్. పాత బండ్లలో కింద గిన్నెలో ఆయిల్ ఉండే రకం ఎక్కువ. వచ్చే గాలి ఆ ఆయిల్ మీదుగా వెళ్తే దుమ్ము అందులో చిక్కుకుంటుంది. పసుపు పాలిష్ పట్టేటప్పుడు కల్లమంతా పసుపు పొగమంచులా ఉంటుంది కదా, ఆ పొట్టు, దుమ్ము అంతా బండి పీలుస్తుంది. నేను విప్పి చూసిన ఒక గిన్నెలో ఆయిల్ లేదు, పసుపు ముద్ద ఉంది. అలాంటి గిన్నెతో నడిచిన ఇంజిన్‌లోకి మట్టి నేరుగా వెళ్తుంది, రింగులు అరిగేది దానివల్లే. పాలిష్ రోజుల్లో గిన్నెను రోజూ విప్పి చూడాలి. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న పొట్టును కూడా లోపలి నుంచి బయటికి గాలి కొట్టి తీయాలి. జాలీ మూసుకుపోయాక ఇంజిన్ వేడెక్కిందని నీళ్లు మారుస్తూ కూర్చుంటే లాభం లేదు.

మిగతావి మెకానిక్ ఒక పూటలో చేస్తాడు: గేరు, లిఫ్టు ఆయిళ్లు, లిఫ్టు జాలీ, ఫ్యాన్ బెల్టు బిగువు, ట్యాపెట్లు, నాజిల్స్ పరీక్ష, క్లచ్ పెడల్ ఖాళీ, చక్రాల నట్లు. గ్రీజు పని మాత్రం ఇంట్లోవాళ్లే చేసుకోండి. గ్రీజు గన్ పట్టుకుని ఒక్కో నిపిల్ వెతుక్కుంటూ బండి కిందికి దూరినప్పుడే బండి శరీరం మీకు తెలుస్తుంది. ఎక్కడ చెమ్మ ఉంది, ఎక్కడ వెల్డింగ్ వేశారు, ఏ బోల్టు మారింది అన్నవి అప్పుడు కనిపిస్తాయి.

ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, మీటరు గంటలు, చేసిన పని, ఖర్చు. కాలేజీకి వెళ్లే అమ్మాయికో అబ్బాయికో ఈ పని అప్పగించండి. వాళ్లను బేరం దగ్గరికి కూడా తీసుకెళ్లండి, మాట్లాడనివ్వండి. టైర్లకు మట్టి ఎందుకు లేదని అడిగే నోరు ఆ ఇంట్లో ఒకటి ఉండాలి.

చివరిగా ఒక విషయం, దీన్ని సర్వీసులో భాగంగానే చూడమని ప్రార్థన. ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని పాలిష్ డ్రమ్ముకు అందించే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. తువ్వాలు కొస గానీ చీర చెంగు గానీ దానికి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. పాత బండ్లు చాలావాటికి షాఫ్టు మీద ఉండాల్సిన గార్డు ఊడిపోయి ఉంటుంది, ఎవరూ మళ్లీ వేయించరు. అలాగే పసుపు తవ్వకానికి, కొమ్ము విరవడానికి వచ్చే ఆడవాళ్లు మీ ట్రాలీలోనే ఎక్కుతారు. ట్రాలీ మనుషుల కోసం చేసింది కాదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు. కూలీలను ఆటోలో పంపించండి, ఆ కిరాయి మీరే పెట్టుకోండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడళ్లనూ కలిపే కొక్కెం వేయండి. కల్లంలో డ్రమ్ము తిప్పే ముందు, ఇంకేం చేసినా చేయకపోయినా, ఆ షాఫ్టుకు గార్డు వేయించండి.